పట్టాల వెంట నడిచొచ్చిన జపాను క్యాసెట్ల మనిషి

మా మేనమామ జనగామలో వీడియో లైబ్రరీ మూసేశాక నాకొక వీసీఆర్, ఒక పాత జపాను క్యాసెట్ మిగిలాయి. క్యాసెట్ పెట్టె మీద నీళ్లతొట్టిలో ఒక ఆడమనిషి, తొట్టి వెనక నక్కిన బట్టతలాయన. బొమ్మ చూసి, తలుపు గడియ పెట్టుకుని ఆశగా వేశాను. తీరా చూస్తే కామెడీ! ఆమె తువ్వాలు జారబోయిన ప్రతిసారీ ఎవడో ఒకడు అడ్డం వచ్చేవాడు. మాట అర్థం కాకపోయినా కడుపుబ్బ నవ్వాను.

పెట్టె ఫొటో నెట్‌లో పెడితే, పాత సినిమా వస్తువులు పోగుచేసే ఒకాయన హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "ఇలాంటివి అందరూ దొంగచాటుగా చూసి పారేసినవే. ఎవరూ దాచుకోలేదండీ, అందుకే దొరకవు," అన్నాడు. మర్నాడే వస్తానన్నాడు. రైల్ రోకో ఉందని చెప్పినా వినలేదు.

రైలు ఊరి బయటే ఆగిపోయింది. ఆయన టక్ చేసుకుని, పట్టాల వెంట నడిచి, మేం రైళ్లు ఆపి పట్టాల మీదే వంటావార్పూ పెట్టిన చోటికి వచ్చాడు. నేను పెట్టె చేతికిచ్చానో లేదో, సమ్మెలో ఉన్న మా లెక్కల సారు లాక్కున్నారు.

"ఏందిరా గిది? ఉద్యమం చేసుకుంట గీ పనులా?"

"కామెడీ సార్," అన్నాను.

అన్నం వడ్డిస్తున్న అవ్వ తొంగిచూసింది. "పాపం, ఆమె తానం చేస్తుంటె గా గుండోనికి ఆడేం పని?"

అందరూ గొల్లుమన్నారు. హైదరాబాదాయన సిగ్గుపడుతూ, "నిజానికి నేను ఇలాంటివి ఒక్కటీ చూడలేదండీ. దాచుకుంటానంతే," అన్నాడు.

సారుకు అది మరీ తప్పుగా తోచింది. "సూడకుంట దాసుకునుడేంది? నడువుండ్రి!"

ముగ్గురం మా ఇంట్లో కూర్చున్నాం. సారు కాసేపు పరీక్ష హాల్లో ఉన్నట్టే బిగుసుకున్నారు. బట్టతలాయన కట్టుడుపళ్లు తొట్టిలో పడేసరికి మాత్రం నవ్వు ఆపుకోలేక దగ్గు అందుకున్నారు. హైదరాబాదాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే వీసీఆర్ టేపును నమిలేసింది.

"అరె, గా పండ్లు దొరికినయా లేదా?" అని సారు అరిచారు. మిగతా కథంతా నేనే లేచి ఆడి చూపించాల్సి వచ్చింది, ఆడవేషంతో సహా.

సాయంత్రం రైళ్లు వదిలాక హైదరాబాదాయన ఖాళీ పెట్టె మాత్రం తువ్వాలులో చుట్టుకుని వెళ్లాడు. నలిగిన టేపును పెద్దవంగరలో ఉండే మా అక్క తీసుకెళ్లి జొన్నచేను చుట్టూ కట్టింది. గాలికి బుయ్‌మని మోగుతుంటే ఆ ఏడు ఒక్క పిట్ట వాలలేదట.