అక్క మగ్గానికి నా హీరో పాటలు

మా అక్క ఒక గొంతును ప్రేమించింది. ఆ గొంతు గల మనిషి పొట్టివాడో పొడుగువాడో చాలా కాలం దాకా ఆమెకు తెలియదు. క్యాసెట్ అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మలే ఉండేవి. పాడినవాళ్ల పేర్లు లోపలి కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసేవాళ్లు. అక్క వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివేది. ఆయన పాడినవి ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, తక్కువున్న క్యాసెట్‌ను నా వైపు తోసేసేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మాది గద్వాలలో నేతపని వాళ్ల వీధి. అక్క ఇంటర్ ఒక సబ్జెక్టు దగ్గర ఆగిపోయి ఇంట్లో ఉంది. నేను పదో తరగతి పరీక్షలు రాసేసి, ఇక ప్రపంచమంతా నాదే అన్నట్టు తిరుగుతున్నాను. నాకు గొంతులతో పని లేదు. నా హీరో డ్యాన్స్ చేసేవాడు. నేల మీద కాలు ఆనకుండా ఒక పాట మొత్తం గడిపేయగలడని నా నమ్మకం. నోట్సు అట్టల నిండా ఆయనే. లెక్కల పుస్తకం అట్ట మీద ఆయన మోకాళ్ల మీద జారుతూ ఉండేవాడు. టీచరు ఒకసారి ఆ పుస్తకం తీసి చూసి, "గీయన లెక్కలు చేస్తడా, నువ్వు చేస్తవా?" అన్నది. క్లాసంతా నవ్వింది. నాకేం సిగ్గు కాలేదు. ఆయన మీద పడిన నవ్వులో నాకూ వాటా ఉందని గర్వపడ్డాను.

అక్కకూ నాకూ రోజూ ఇదే కొట్లాట.

"నీ హీరోది ఏముందే, గంతులేస్తడు. నోరు కదుపుతడు గని పాడేది వేరేటోళ్లు," అనేది అక్క.

"నీ ఆయన ఏడుస్తడు," అనేదాన్ని నేను.

"ఏడుస్తలేడు. మెల్లగ చెప్తుండు."

పాత బస్టాండు దగ్గర క్యాసెట్ల కొట్టు ఒకటి ఉండేది. ఖాళీ క్యాసెట్, కావలసిన పాటల చీటీ ఇస్తే, కొట్టు భాయ్ రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. ఒక వైపు చివర కొంచెం టేపు మిగిలితే ఊరికే వదిలేసేవాడు కాదు, తన ఇష్టం వచ్చిన పాట ఒకటి వేసేవాడు. సగంలో తెగిపోయే ఆ పాట కోసమే నేను క్యాసెట్ చివరి దాకా వినేదాన్ని. ఆయనకు మా వీధి అంతా పాటల్లోనే గుర్తు. మమ్మల్ని చూడగానే, "మెల్లగ పాటల బేటీ వచ్చింది, ఉరుకుడు పాటల బేటీ వచ్చింది," అనేవాడు. ఏ ఇంట్లో పెళ్లి కుదిరిందో, ఏ పిల్లాడు ఎవరి వెంట పడుతున్నాడో ఆయనకు చీటీలు చూస్తేనే తెలిసిపోయేదట. అది నిజమో, మమ్మల్ని బెదిరించడానికి అన్నాడో తెలియదు. అక్క మాత్రం అప్పటి నుంచి చీటీ నాతో రాయించేది.

ఒక సాయంత్రం పక్కింట్లో టీవీ చూస్తుంటే అక్క గాయకుడు కనిపించాడు. ఏదో సన్మాన సభ. కింద పేరు పడగానే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన బొద్దుగా ఉన్నాడు, నెత్తి మీద వెంట్రుకలు కొంచెమే, అంత ఎండాకాలంలో స్వెటరు. నాకు నవ్వు ఆగలేదు. అక్క కాసేపు అలాగే చూసింది. "గిట్లుంటడా," అంది. తర్వాత ఆయన పాడడం మొదలుపెట్టాడు. అక్క కళ్లు మూసుకుంది, పాట అయ్యేదాకా తెరవలేదు. ఇంటికి వచ్చాక ఆ స్వెటరు సంగతి ఎత్తితే మాట్లాడనంది. నేను ఎత్తకుండా ఉంటానా!

ఇక మగ్గం సంగతికి వస్తాను. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసేవి, ఉండేవి. ఒకదాని మీద నాయన నేసేవాడు. రెండోది తాత పోయాక ఖాళీగా పడి ఉంది. నూలు, పట్టు, జరీ ఇచ్చి, నేసిన చీర తీసుకునే వ్యాపారిని మేము సేటు అనేవాళ్లం. ఆ సేటు మా ఇంటికి ఇచ్చే పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులు, నాయన పేరు మీదే వచ్చేది. అమ్మా, అక్కా కండెలు చుట్టేవాళ్లు, నాయన పక్కన కూర్చొని అంచు పట్టేవాళ్లు. చీర మాత్రం నాయనదే. అక్కకు తన సొంత మగ్గం కావాలి, సేటు తన చేతికే పడుగు ఇవ్వాలి. ఆ మాట ఆమె ఆ ఏడాదంతా అంటూనే ఉంది.

నాయనకు దాంతో పేచీ లేదు. ఆయన పేచీ అంతా టేపురికార్డరుతో. నాయన నేసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, పోగుల లెక్క తప్పుతుంది. అక్కకేమో పాట లేకపోతే చెయ్యే కదలదు. చివరికి ఒక రోజు నాయన అన్నాడు: "ఒక్క చీర నెయ్యి. నీ టేపు పెట్టుకునే నెయ్యి. సేటు చూసి బాగుందంటే తాత మగ్గం నీది, పాట నీది. బాగలేదంటే టేపు అటక మీదికి, నువ్వు కండెల కాడికి. మల్ల నన్ను అడగొద్దు."

అక్క సరేనంది. పక్కన అంచు పట్టడానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే.

గద్వాల చీరకు నడిమి భాగమంతా నూలు, అంచులు పట్టు. రెండూ కలిసే చోట ప్రతి పోగునూ ఒకదానిలో ఒకటి మెలివేసి కలపాలి. తాడు లాగితే పోగును అడ్డంగా తీసుకెళ్లే నడిమి నాడె, కుడి అంచు అక్కవి. ఎడమ అంచు నాది. నేను మెలి వేసేదాకా అక్క ఆగాలి. ఇద్దరం అయ్యాక ఆమె ఒక దెబ్బ కొడితే పోగు వెళ్లి చీరలో కూర్చుంటుంది. అంటే చీర అక్కదే అయినా, నా మనసు బాగాలేకపోతే చీర కూడా నడవదు. ఈ విషయం నాకు మొదటి రోజే అర్థమైంది. నాకు అంత అధికారం అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలోలా గుర్తొస్తాయి. పెంకుల సందులోంచి ఒక ఎండ గీత వచ్చి పడుగు మీద పడేది, మెల్లగా నా వైపు జరిగేది. గుంటలో కాళ్లకు చల్లగా ఉండేది. అక్క గాయకుడు ఎవరినో రమ్మని, రాకపోయినా ఫరవాలేదని పాడేవాడు. అక్క చెయ్యి ఆ పాటతోనే కదిలేది. పల్లవి చివర ఆయన గొంతు లాగితే అక్క దెబ్బ కూడా ఆగి ఆగి పడేది. నేను మెలి వేస్తూ ఈ చీర ఎక్కడికి పోతుందా అనుకునేదాన్ని. హైదరాబాదులో ఏ సినిమావాళ్లో కొంటారు, హీరోయిన్ కడుతుంది, నా హీరో ఆ కొంగు పట్టుకొని తిప్పుతాడు, ఆ కొంగులో నేను మెలి వేసిన పట్టుపోగు ఉంటుంది. ఈ సినిమా నేను రోజుకు రెండు ఆటలు చూసేదాన్ని.

నాలుగో రోజో ఐదో రోజో నా హీరో కొత్త సినిమా క్యాసెట్ వచ్చింది. నేను అన్నం తినకుండా కొట్టుకు పరుగెత్తి తెచ్చాను. అక్క వద్దంది. "వద్దంటే నేను అంచు పట్ట," అన్నాను. అంతే, ఇక ఆమె ఏం చేస్తుంది? ఆ రోజంతా నా పాటలే. నా వేళ్లు ఎక్కడ లేని హుషారుతో పోయాయి. డప్పు మీద పడ్డట్టు దెబ్బ మీద దెబ్బ. అక్క తిట్టుకుంటూనే నాతో సమానంగా కొట్టింది. పొద్దు గూకేసరికి మామూలుగా అయ్యే దానికంటే జానెడు ఎక్కువే నేశాం. మరునాడు మళ్లీ అక్క పాటలు పెట్టింది. నేను మూతి ముడుచుకున్నాను, మెలి వేయడం సాగదీశాను.

నేత అయిపోయి చీరను మగ్గం మీంచి కోసిన రోజు అక్క తలస్నానం చేసింది. నాయన ముందు, మేమిద్దరం వెనక సేటు ఇంటికి వెళ్లాం. సేటు ముసలాయన, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి వట్టి కళ్లతో చూసేవాడు. చీరను తెల్ల దుప్పటి మీద పరిచి, తర్వాత వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు పట్టాడు. మూర తర్వాత మూర జరుపుతూ పోయాడు. ఒక చోట ఆగాడు.

"గీడ చెయ్యి నిద్రపోయింది," అన్నాడు.

నేనూ చూశాను. వెలుతురులో ఆ భాగం పలచగా ఉంది. ఇంకొంచెం జరిపాడు. నడిమిలో ఒక భాగం మాత్రం దట్టంగా, నున్నగా, వెలుతురును ఆపేసింది. దాని తర్వాత మళ్లీ పలచన. మూడు రంగుల చొక్కా కుట్టినట్టు చీర ముక్కలు ముక్కలుగా కనిపించింది. అక్క మొహం పాలిపోయింది.

"గిది ఎవరి చెయ్యి బిడ్డా?" దట్టమైన చోట వేలు పెట్టి అడిగాడు సేటు.

"నాదే సేటు."

"మరి గది?"

"అదీ నాదే."

ఆయనకు నమ్మకం కుదరలేదు. నాయన వైపు చూశాడు. అప్పుడు నేను నోరు విప్పాను. నా హీరో గొప్పతనం ఊరందరికీ తెలిసే సమయం వచ్చిందనిపించింది. "సేటూ, గది మా హీరో పాటలు పెట్టిన దినం నేసింది. గీ పలచగున్నయన్ని అక్క పాటలు. ఏడుపు పాటలు," అన్నాను.

సేటు కళ్లద్దాలు కిందికి దింపి నన్ను చూశాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ చీరను పక్కన పెట్టేసి అక్కతో అన్నాడు: "పడుగు ఇస్త బిడ్డా, నీ పేరు మీదనే ఇస్త. చెయ్యి ఉంది నీకు. గని ఒక్క మాట. నీ పాట మగ్గం కాడ వద్దు. గీ పోరి పాటల మీదనే నెయ్యి. చీర అంతా గిట్లనే రావాలె."

అక్క నన్ను ఒకసారి చూసింది. "సరే సేటు," అంది.

ఇంటికి వచ్చే దారంతా నేను గెంతుతూ వచ్చాను. నా హీరో గెలిచాడు కదా! అక్కకు మగ్గం వచ్చింది, టేపు అటకెక్కలేదు, అందరికీ మంచే జరిగింది. ఆ రాత్రి అక్క తన క్యాసెట్లను పాత చీర గుడ్డలో చుట్టి గోడ గూట్లో పెట్టింది. నాకు అందులో బాధపడాల్సింది ఏదీ కనిపించలేదు.

రెండేళ్ల తర్వాత, ఇంటర్ అయ్యాక, నేను డిగ్రీకి వనపర్తి వెళ్లి హాస్టల్లో చేరాను. అక్కడ అమ్మాయిలకు కొత్త హీరోలు ఉన్నారు, సీడీలు ఉన్నాయి. నా డ్యాన్స్ హీరో సినిమాలు రెండు వరసగా పోయాయి. ఆయన్ని అభిమానించానని చెప్పుకోవడం మానేశాను. నిజం చెప్పాలంటే మరిచిపోయాను. అమ్మ నా అంచు పని అందుకుంది. అక్క చీరలకు సేటు దగ్గర మంచి పేరు వచ్చిందని ఇంటి నుంచి కబురు వచ్చేది.

ఒక సెలవుకు ఇంటికి వచ్చాను. అక్క మగ్గం మీద ఉంది, అమ్మ పక్కన అంచు పడుతోంది. టేపులో నా హీరో పాత పాటలు అరుగుతున్నాయి. ఎన్నిసార్లు తిరిగిందో, టేపు సాగిపోయి గొంతు వంకర పోతోంది. నాకే వినడానికి చికాకు వేసింది. గూట్లోంచి గుడ్డ మూట విప్పి, అక్క క్యాసెట్ ఒకటి తీసి పెట్టాను.

మొదటి సంగీతం రాగానే అక్క చెయ్యి ఆగింది.

"తియ్యవే. చెయ్యి మెత్తగైతది."

"ఒక్క పాటే అక్కా."

అక్క నా వైపు చూసింది. నాడె పక్కన పెట్టింది. గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని, గట్టు మీద కూర్చొని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. వాటికి పని లేకుండా నేను చూసి ఎన్నాళ్లయిందో. ఆయన పాడాడు. అక్క కళ్లు మూసుకుని విన్నది. సేటు ముందు నేను నోరు మూసుకుని ఉండాల్సిందని ఆ పాట నడుస్తున్నంతసేపూ నాకు అనిపించింది.

"అక్కా, ఆ దినం నేను చెప్పకుండ ఉండాల్సింది."

"నువ్వు చెప్పకుంటే నాకు మగ్గం రాకపోతుండె," అంది కళ్లు తెరవకుండానే. "జర ఊకో, చరణం వస్తుంది."

పాట అయిపోయింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ గుంటలోకి కాళ్లు దించింది.

"ఇగ చాలు. నీది పెట్టు, కొంగు నేసుడు మిగిలింది."

నా హీరో క్యాసెట్‌లో ఏ పాట తర్వాత ఏది వస్తుందో నాకిప్పుడు గుర్తు లేదు. క్యాసెట్ మార్చి టేపు మీట నొక్కాను. మొదటి డప్పు మోగకముందే అక్క చెయ్యి నాడె తాడు మీదికి పోయింది.