చుక్క గడప దాటని రోజు

మా ఎదురింటి కీన్ లెంగ్‌కి లోకంలో సొంతమన్నది ఒక్కటే, గాజు తొట్టిలో బతికున్న పగడాలు. ఇల్లు అతని అక్క గైక్ చూది. మంచం ఆమెది, కంచం ఆమెది, ఆఖరికి కాళ్లకున్న చెప్పులు కూడా పోయిన బావవి. స్కూల్ వ్యాన్ తోలుకొచ్చి చొక్కా అయినా మార్చకుండా తొట్టి ముందు కూలబడేవాడు. ఎప్పుడో వేలెడు ముక్క తెచ్చి రాయికి అంటించిన ఊదారంగు పగడం పళ్లెమంత అయింది. దాన్ని చూపించేటప్పుడే అతని గొంతు పెగిలేది.

ఆ తొట్టి కింద అలమరలో ఇంకో తొట్టి, సంప్. పై నీళ్లు పొంగి అందులోకి దిగుతాయి, మురికి అక్కడ ఆగుతుంది, పంపు మళ్లీ పైకి తోస్తుంది. ప్రతి ఆదివారం పంపు ఆపి, సంప్‌లో పాత నీళ్లు తోడేసి, ముందే ఉప్పు కలిపి ఉంచిన కొత్త నీళ్లు పోసేవాడు.

"నీ ఒంటిమీద నీళ్లు పోసుకోవడానికి బద్ధకం, చేపలకి మాత్రం వారం వారం తలంటు," అని గైక్ చూ దెప్పేది.

ఈ ఏడు మా చైనీయుల కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్నే, తొట్టిలోని సముద్రపువ్వు, పువ్వులా విచ్చుకునే విషపు జీవి ఒకటి జరిగి జరిగి నీళ్లు తిప్పే మోటారులో ఇరుక్కుని ముక్కలైంది. దాని విషం కలిసి నీళ్లు తెల్లబడ్డాయి. కీన్ లెంగ్ పంపు ఆపి, పైనుంచి విషం దిగిన సంప్ నీళ్లు మొత్తం బకెట్లలోకి తోడేశాడు. మొదటి బకెట్ ఎత్తేసరికి అక్క బాత్రూం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ నీళ్లు పారబోస్తావురా? నీళ్లంటే డబ్బు. ఏడాదంతా నన్ను అడుక్కుతినమంటావా?"

"అక్కా, అవి విషం."

"ఏదైనా కానీ. చుక్క బయటికి పోవడానికి వీల్లేదు."

"సరే, ఇంట్లోనే ఉంచుతా. నువ్వు ముట్టుకోకు, చాలు."

మా పెనాంగ్ దీవిలో ఆ పట్టింపు లేని ఇల్లేది? అదృష్టం ఊడ్చుకుపోతుందని నేనూ ఆ రోజు చీపురు పట్టను. కానీ గైక్ చూది పట్టింపు కాదు, పిచ్చి.

తొట్టి నీళ్లలో కలిపే ఉప్పు అయిపోయింది, పండగ పూట కొట్లు మూసేశారు. సంప్ ఖాళీగానే వదిలి, కీన్ లెంగ్ స్నేహితుడి దగ్గర ఉప్పు తేవడానికి స్కూటర్ మీద పరిగెత్తాడు. ఇక్కడ చుట్టాలొచ్చే వేళైంది. హాలు నిండా బకెట్లు, నీచు వాసన. పైగా అలమరలో ఖాళీ తొట్టి. పండగనాడు ఖాళీ గిన్నె కనబడితే అరిష్టమని బియ్యం డబ్బా అంచుదాకా నింపుకునే మనిషి గైక్ చూ. బకెట్లన్నీ సంప్‌లో కుమ్మరించి పంపు వేసేసింది. నేనూ మా ఆవిడా కమలాపళ్లు పట్టుకుని వెళ్లేసరికి నీళ్లు గలగలా పారుతున్నాయి.

కాసేపటికి కీన్ లెంగ్ ఉప్పు సంచితో వచ్చాడు.

"చూశావా, చుక్క పోకుండా ఎక్కడివక్కడ పోసేశాను," అంది గైక్ చూ, మెచ్చుకుంటాడేమోనని అతని మొహంలోకి చూస్తూ.

అతను తొట్టి దగ్గరికి వెళ్లాడు. పగడం మీది పొర ఊడి పోగులుగా తేలుతోంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"చచ్చి..."

"నోర్ముయ్. ఇవాళ ఆ మాట ఎత్తకు."

"అన్నీ పైకొచ్చేశాయేంటి?" అని అడిగింది మా ఆవిడ, ఏమీ తెలియక.

"పండగ కదా, చుట్టాల్ని చూద్దామని," అంది గైక్ చూ.

గదిలో అందరూ నవ్వారు. కీన్ లెంగ్ కూడా పళ్లు బయటపెట్టాడు. మొదటి రోజు ఏడవకూడదు మరి. నాకైతే చేతిలోని కమలాపళ్లు తీసి ఆమె మొహాన కొట్టాలనిపించింది.

పండగ పోయాక ఆ నీళ్లు అతనే పారబోశాడు. ఇప్పుడు ఆ తొట్టిలో మంచినీళ్లు, అదృష్టం తెస్తాయని గైక్ చూ కొనుక్కొచ్చిన ఎర్రచేపలు. ఆదివారం పూట పంపు ఆపి నీళ్లు మార్చే పని మాత్రం అతనిదే. చేపలు ఎలా ఉన్నాయని మొన్న పలకరించాను.

"అక్కనడుగు," అన్నాడు.