అక్క షాపు, ఇరవై రెండు మెట్లు

మా అక్క చూపు మసకబారినప్పుడు తప్పు సూదిదన్నది. తర్వాత బల్బుదన్నది. ఆ రెండూ మార్చాక, నేను వెలుతురుకి అడ్డంగా కూర్చున్నానని తేల్చింది. పక్కకి జరిగాను. అయినా దారం సూదిలోకి పోలేదు. నెల తిరక్కుండానే కుడికాలు మొద్దుబారి, మిషను పెడల్ మీంచి జారిపోవడం మొదలైంది. అప్పుడు గానీ ఆవిడ డాక్టరు గడప తొక్కలేదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడాయన. నరాల మీదుండే పొర దెబ్బతింటుందట. తొడుగు ఊడిన కరెంటు తీగలాగా, మెదడు పంపిన కబురు దారిలోనే చెదిరిపోతుందట. పూర్తిగా నయం కాదు, మందులతో అదుపులో ఉంచుకోవచ్చన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను. అక్క మాత్రం, "ప్రాణానికేం ఢోకా లేదు కదండీ? స్కూళ్ళు తెరిచేలోపు నూట ఎనభై యూనిఫారాలు ఇవ్వాలి" అంది.

అది జరిగి పదకొండేళ్ళు. మాది టైలర్ షాపు, రోడ్డు మీదికి ఒకే గది. మా నాన్న ఇద్దరి పేరునా రాసిచ్చాడు. కత్తిరించడం అక్క పని, కుట్టడం నా పని. చేతులు వణికే రోజుల్లో అక్క కత్తెర ముట్టదు, నోటితో కత్తిరిస్తుంది. "ఇంకాస్త లోపలికి. అక్కడాగు. కళ్ళున్నాయా నీకు?" అలసట ముంచుకొచ్చిందంటే పట్టపగలే బట్టల మూటకి ఆనుకుని నిద్రపోతుంది. అప్పుడు కస్టమర్లు గుసగుసగా మాట్లాడతారు. నేను తుమ్మినా ఊరుకోరు.

వారానికి రెండుసార్లు ఆవిడ వ్యాయామాలకి వెళ్తుంది. ఈ జబ్బున్నవాళ్ళ కోసం చందాల మీద నడిచే సెంటర్ అది, మందుల షాపు పైన. లిఫ్టు లేదు, ఇరవై రెండు మెట్లు. కాళ్ళు మాట వినని వాళ్ళకి మేడ మీద గది చూసిన మహానుభావుడెవరని నేను తిడితే, అంత తక్కువ అద్దెకి కింద ఎవరిస్తారే అంటుంది అక్క. మెట్ల దగ్గర దింపగానే నన్ను తరిమేసేది. "నువ్వెళ్ళి గుండీలు, దారం తెచ్చుకో. ఎవరో ఒకరు చెయ్యిస్తార్లే." నేనూ చక్కా వెళ్ళిపోయేదాన్ని.

ఈ ఏడు మొదట్లో ఒకరోజు, కాలరుకి సుద్దతో గీత గీస్తూ అంది. "షాపు ఆ సెంటర్‌కి రాసేద్దామనుకుంటున్నానే. నేను పోయాకే అనుకో. నీ సంతకం కూడా కావాలి."

నా ఒళ్ళు మండిపోయింది. "మరి నేనేమైపోవాలి?"

"మిషన్లు నీవి, కస్టమర్లు నీవాళ్ళు. కుట్టుకోడానికి మీ ఇంట్లో ముందుగది చాలదా?"

"ముప్పై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నానక్కా. నాకంటూ ఉన్న చోటు ఇదొక్కటే. సంతకం పెట్టను గాక పెట్టను."

నాలుగు రోజులు మాటల్లేవు. అంత చిన్న గదిలో మాట్లాడుకోకుండా ఉండటం తేలికేం కాదు. కత్తెర కావాలంటే కస్టమర్ల చేత అడిగించుకున్నాం. అయినా అక్క పట్టిన పట్టు వదలలేదు. సెంటర్‌లో ఉన్నట్టు, పట్టుకుని నడక నేర్చుకునే కర్ర కమ్మీలు రెండు మా షాపు గదిలో పడతాయో లేదో చూడాలని, కొలతలు చీటీ మీద రాసి వడ్రంగికి పంపింది.

ఐదో రోజు అతను తెచ్చి నిలబెట్టాడు. రెండు కమ్మీల మధ్య సందు సరిగ్గా పన్నెండంగుళాలు. పిల్లి కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవాల్సిందే.

"చీటీలో పన్నెండే ఉందమ్మా" అన్నాడు వడ్రంగి, తన తప్పేం లేదన్నట్టు.

నాకు వెంటనే అర్థమైంది. మేం బట్టని రెండు మడతలేసి కత్తిరిస్తాం కాబట్టి, వెడల్పు ఎప్పుడూ సగమే రాసుకుంటాం. అలవాటు చొప్పున అక్క కమ్మీల్నీ మడతేసింది. నేను పళ్ళు బిగపట్టి చూశాను గానీ ఆగలేదు, ఫక్కున నవ్వేశాను. అక్క కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. సంతకం సంగతి మాత్రం అక్కడే ఉంది.

ఈసారి సరిగ్గా కొలుచుకు రమ్మని వడ్రంగి తెగేసి చెప్పాడు. మర్నాడు అక్కతో పాటు నేనూ టేపు పట్టుకుని సెంటర్‌కి బయల్దేరాను. "నువ్వు ముందెళ్ళు, నేను నెమ్మదిగా వస్తాను" అంది మెట్ల దగ్గర. పైకెళ్ళి అక్కడి కమ్మీల మధ్య సందు కొలిచాను, ఇరవై నాలుగంగుళాలు. ఆవిడ ఇంకా రాలేదు. అక్కడ వ్యాయామాలు చేయించే డ్రిల్లు మేడం నవ్వి, "అక్కగారి బండి మెట్ల మీదుంటుందండీ" అంది.

వెళ్ళి తొంగి చూశాను. మా అక్క మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. రెండు చేతులూ పై మెట్టు మీద ఆన్చి, ఒళ్ళు పైకి లాక్కుని, కూర్చుంది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ పై మెట్టు. ఎవరూ చెయ్యివ్వలేదు, ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఆవిడ బట్టలు వెనకవైపే ఎందుకంత త్వరగా అరుగుతాయా అని ఎన్నిసార్లు విసుక్కుంటూ అతుకులేశానో నేను. పదకొండేళ్ళు.

దిగివెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే రోజూ నా వెంట పైకొస్తావు. మరి ఆ గుండీలు ఎవరు తెస్తారు?" అంది ఆయాసపడుతూనే. ఇంకో మెట్టు ఎక్కి, "నాకు చేతుల్లో బలముందే. మాతో వచ్చేవాళ్ళలో ఇద్దరికి అదీ లేదు. వాళ్ళు రావడం మానేశారు" అంది.

మిగిలిన మెట్లు నేనూ ఆవిడలాగే కూర్చుని ఎక్కాను. పైకి చేరేసరికి నడుం పట్టేసింది, కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ సాయంత్రమే లాయరు దగ్గర సంతకం పెట్టాను. కాగితంలో "నా తదనంతరం" అని రాయించింది అక్క. అంత ఓపిక నాకు లేదు. మిషన్లు గోడ వారకి జరిపించి, ఆ ఇద్దర్నీ మంగళవారం నుంచే మా షాపుకి రమ్మని కబురు చేశాను.