టాపు లేని జిప్సీలో పెళ్లిచూపులు

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు జపాను నమూనా బండ్లు రెండు రకాలే కనబడేవి: డాక్టర్లకు చిన్న కారు, పెత్తనం చేసేవాళ్లకు జిప్సీ. తొంభైల చివర మా మేనమామ ఒక పాత జిప్సీ కొన్నాడు. ఆయన ఏ పెత్తనమూ చేసేవాడు కాదు (చేయాలన్న ఆశ మాత్రం నిండా ఉండేది, ఊరే సాగనివ్వలేదు). కొన్న ఏడాదే దాని గుడ్డ టాపు ఊడబీకి, కళ్లంలో వేరుశనగ కుప్ప మీద కప్పేశాడు. "వానొస్తే ఎట్లప్పా?" అని ఎవరన్నా అడిగితే, "మన జిల్లాలో వానకని టాపు పెట్టుకునేది, బోడిగుండోడు దువ్వెన పెట్టుకునేది ఒకటే" అనేవాడు. (వాన రాదన్నవాడు కుప్ప మీద ఎందుకు కప్పినట్టని మా అమ్మ అడిగింది. ఆయన కుప్ప అంచులు సర్దడానికి పోయాడు.)

నేనప్పుడు బత్తలపల్లెలో పంపుసెట్ల అంగట్లో పనిచేసేవాణ్ణి. "బోర్లన్నీ ఎండిపోయినాయి, మోటార్లు అమ్మేటోనికి పిల్లనెట్లిస్తామప్పా?" అని రెండు సంబంధాలవాళ్లు మొహం మీదే అనేశారు. మూడోది చిలమత్తూరు దగ్గర పల్లె. ఆ పిల్లను నేను అంతకుముందే ఒక పెళ్లిలో చూశాను. వడ్డించేవాడు పంక్తి చివరి ముసలామెను దాటి పోతుంటే, వాడి చేతిలో గరిటె లాక్కొని తనే వడ్డించింది. ఆ గరిటె లాక్కున్న తీరు నాకు తెగ నచ్చేసింది. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గు. చెప్పకపోతే పెద్దోళ్లు నిదానిస్తారు, ఆషాఢం వచ్చి పడుతుంది, ఈలోగా ఇంకెవడైనా ఎగరేసుకుపోతాడని దిగులు. ఇది కూడా తప్పిపోతే ఏమైపోతానో అని నిద్రపట్టేది కాదు.

"బస్సులో పోతే మోటార్లమ్మేవాడు అంటారు, జిప్సీలో పోతే మోటార్ల ఓనరు అంటారు" అని మామ తేల్చేశాడు. గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకొని నేనే బండి నడిపాను. పక్కన మామ, వెనక నాయనా అమ్మా. హిందూపురం దాటామో లేదో, ఏ దేవునికి మొక్కకుండానే వాన ఎత్తుకుంది. నాయన పండ్ల బుట్ట కుమ్మరించి తల మీద బోర్లించుకున్నాడు. మామ మాత్రం చలించలేదు. "ఇది మన వాన కాదురా. కర్ణాటక వాన. బార్డరు దాటొచ్చినాది" అన్నాడు. "యాడిదైతే ఏమిరా, తడుస్తాండేది మనం గదా!" అని బుట్ట కింద నుంచి నాయన కేక.

అన్యాయం ఏమిటంటే, ఆ పల్లె చేరేసరికి అక్కడ చుక్క లేదు, ఫెళ్లున ఎండ కాస్తోంది. వాళ్లకు ముందురోజు రాత్రే కురిసి, నేల మంచి పదునెక్కింది. మా వైపు పదును దొరికితే పెళ్లయినా చావైనా ఆగాల్సిందే, విత్తనం మాత్రం ఆగదు. బాడుగకు తెచ్చిన ట్రాక్టరు చేనికి అడ్డంగా పారే వంకలో దిగబడిపోయిందట, ఇల్లంతా గగ్గోలుగా ఉంది. కాఫీ పళ్లెంతో రావాల్సిన పెళ్లికూతురు చంకలో విత్తనాల మూటతో వచ్చింది. స్టీరింగు ముందు నీళ్లు కారుతూ కూర్చున్న నన్ను చూసి, ఎవరో బాడుగ బండి డ్రైవరనుకొని, "అన్నా, ఈ మూటలు బిరిన ఎక్కించన్నా, పదును ఆరిపోతాది!" అంది.

పెళ్లిచూపుల్లో పిల్ల నోట రాకూడని మాట ఏదైనా ఉంటే అదే. మా అమ్మ లబలబలాడుతూ దిగి, "అన్న కాదమ్మా, పెండ్లికొడుకు!" అంది. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అయితే ఏమి, పెండ్లికొడుకులు మూటలెత్తరా?" అంది. ఎత్తాను. సాయంత్రం దాకా ఆ వంకలో జిప్సీతో మూటలు దాటిస్తూనే ఉన్నాను. తెల్లచొక్కా ఎర్రచొక్కా అయింది. మామ గట్టున నిలబడి, "ఫోర్‌వీలప్పా, ఫోర్‌వీలు!" అని దారిన పోయేవాళ్లకంతా చెబుతున్నాడు.

పొద్దుగూకేటప్పుడు ఆయనే ఉండబట్టలేక, "ఏమ్మా, పిల్లోడు నచ్చినాడా?" అని అడిగేశాడు. ఆమె కాళ్లకున్న మట్టి కడుక్కుంటూ, "పోయినేడు ఏసిన ఇత్తనం ఏసినట్టే పోయింది, మొలకే రాలేదు. ఇప్పుడు నా మనసంతా ఆ చేని మీదుండాది. మొలకొచ్చినాక చెప్తా" అంది. వాళ్ల నాయన మా వైపు చూసి, ఆమె మాటకు తిరుగులేదన్నట్టు చేతులు తిప్పాడు.

ఆ వారం నేను అంగట్లో ఒక్క మోటారు కూడా అమ్మలేదు. ఇక తాళలేక, ఆదివారం మామకు ఏదో అబద్ధం చెప్పి జిప్సీ తీసుకొని చిలమత్తూరు దారి పట్టాను. బండి వంక దగ్గర ఆపి, చేలోకి దిగి, గొంతుక్కూర్చొని సాలులో మట్టి తోడి చూస్తున్నాను. వెనక నుంచి, "ఎవురప్పా అది, కోడి గెలికినట్టు గెలుకుతాండావు?" అని కేక. తిరిగి చూస్తే ఆమే. నన్ను గుర్తుపట్టి నాలుక కరుచుకుంది. "గెలికితే మొలుస్తాదా? మట్టి కప్పండి" అంది. బుద్ధిగా కప్పాను. అప్పుడు నాలుగు సాళ్ల అవతలికి తీసుకుపోయి వేలు పెట్టి చూపించింది. నెత్తిన మట్టి పెళ్లతో ఒక మొలక, దాని పక్కన ఇంకొకటి, గట్టు దాకా అదే వరస. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చేని వైపే చూస్తూ, "రేపు మా నాయన మీ ఇంటికొస్తాడు. కాఫీలో చక్కెర తక్కువేయమనండి" అంది.

తిరుగుదారిలో బండి ఏ గేరులో నడిపానో నాకు తెలియదు. ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ చెయ్యి ఊపాను. జిప్సీని చూసి ఎలక్షన్లు వచ్చాయేమోనని వాళ్లు దండాలు పెట్టారు. నేనూ తిరిగి పెట్టాను. ఇప్పుడు జుట్టు పలచబడి, మోకాళ్లు పట్టుకుపోయిన ఈ వయసులో, దారి పొడుగునా అందరికీ దండాలు పెట్టుకుంటూ పోయిన ఆ పిచ్చివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడంటే కాస్త అసూయగా కూడా ఉంటుంది.