ఆపరేషన్ అయిన మోకాలితో మేఘన బీమ్ ఎక్కిన రోజు

మా మనవరాలు మేఘన కెనడా జాతీయ జట్టులో జిమ్నాస్ట్. ఆరో ఏట మొదలుపెట్టి, పద్నాలుగో ఏట జూనియర్లలోకి, పదహారో ఏట సీనియర్లలోకి వచ్చింది. అంతలో మోకాలికి ఆపరేషన్. అప్పుడు మా బావమరిది ప్రసాదు, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో గుండె డాక్టరు, భోజనాల దగ్గర పదిమంది ముందు "ఇక ఆ సర్కస్ ఆపించండి" అని తీర్పు చెప్పాడు. గుండె డాక్టరుకు మోకాళ్ల మీద అంత అధికారం ఉందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే 2013లో మేఘన డాలస్ దగ్గర పోటీకి వస్తోందనగానే, కారు తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి అతన్నే రమ్మన్నాను.

మేముండే అట్లాంటాలో ఉదయం ఏడింటికి విమానమెక్కితే డాలస్ గడియారం ప్రకారం ఎనిమిదిన్నరకల్లా దిగుతాం. అక్కణ్ణుంచి హాలుకు కారే గతి, పార్కింగ్ పది డాలర్లు. దారంతా ప్రసాదు వదల్లేదు.

"ఇన్నేళ్లు గెంతి ఏం సాధించింది బావగారూ? మావాడు డాక్టరీలో రెసిడెన్సీ ఫినిష్ చేశాడు."

"మీవాడు మెట్లెక్కితే ఆయాసపడతాడు కదరా. రోడ్డు చూసి డ్రైవ్ చేయి."

బీమ్ అంటే నాలుగడుగుల ఎత్తున బెత్తెడు వెడల్పు దూలం. చివర రెండు పల్టీలు కొట్టి దిగి నిలబడితేనే మోకాలు బాగుపడిందని సెలెక్టర్లు నమ్ముతారు. లేకపోతే ప్రపంచ పోటీల జట్టులో చోటు లేదు. భయమేస్తే తేలికగా దిగెయ్యమని కోచ్ ముందే చెప్పిందట.

మేఘన వంతు వచ్చింది. బీమ్ మీద మధ్యలో జారి కింద పడింది.

"అయిపోయింది బావగారూ. ఈజీగా దిగిపోతే మేలు," అన్నాడు ప్రసాదు.

మేఘన చేతులకు సుద్దపొడి రాసుకుని మళ్లీ ఎక్కింది. చివరికి పరుగు తీసి గాల్లోకి లేచి రెండుసార్లు తిరిగింది. పాదాలు మ్యాట్‌కి ఆనే క్షణంలో నా చెవి పక్కన "నిలబడు తల్లీ!" అని ప్రసాదు పెట్టిన కేకకు ముందు వరస అమెరికన్లు వెనక్కి తిరిగారు.

నిలబడింది. పాదం కూడా కదపలేదు.

తర్వాత మోకాలికి ఐస్ కట్టుకుని వచ్చింది. "తాతా, ఫాల్ అయ్యాను, చూశావా?"

"తేలికది చేసుండొచ్చుగా?"

"ఈజీది చేస్తే వాళ్లకి ఎలా తెలుస్తుంది?"

మెడల్ రాలేదు. ప్రపంచ పోటీల జట్టులోకి తీసుకున్నారని కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. కేక పెట్టినంత మాత్రాన ప్రసాదును క్షమించాననుకోకండి. నేను జీవితమంతా వాదించి గెలిచాను, ఎవరూ ఒప్పుకోలేదు. ఈ పిల్ల వాదించనే లేదు. పడిన చోటే లేచి కష్టమైనదే చేసింది. ఈ వయసులో నాలో ఇంత గర్వం మిగిలి ఉందని నాకే తెలియదు. మీరూ ఇలాంటి పోటీకి వెళ్తే డబ్బుకు చూసుకోకుండా, బీమ్ చివర మ్యాట్‌కి ఎదురుగా కింది వరసలో సీటు బుక్ చేసుకోండి. పై వరసల నుంచి పల్టీలే కనిపిస్తాయి, పాదాలు కనిపించవు.