నాలుగు స్తంభాలు, పదహారు గీతలు

ఇది మొదలైంది 2024 డిసెంబరు 3, మంగళవారం, పొద్దున పదిన్నరకు. నంద్యాల బజారులో మా ఇంటి అరుగు మీద కూర్చుని నేను కందిపప్పు ఏరుతున్నాను. మెడలో కెమెరా వేసుకున్న ఒక ఆడమనిషి వచ్చి, కూర్చోవచ్చా అని అడిగి, నేను జవాబు చెప్పకముందే కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మైసూరు వైపు మనిషి. తెలుగు వచ్చు, మధ్యమధ్యలో కన్నడం దొర్లుతుంది. ఊళ్లు తిరిగి పాత కట్టడాలకూ కొత్త కట్టడాలకూ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టడం ఆమె పని. మూడేళ్లుగా ఏడాదికోసారి మా వైపు వస్తోందట. ప్రతి ఫోటో కింద ఆ కట్టడం ఏ సంవత్సరానిదో రాయాలి. అది చెప్పేవాళ్లు దొరకడం లేదు. ఎదురుగా మందుల షాపతన్ని అడిగితే, "తేదీలు గావాల్నంటే ఆ అవ్వను అడుగు, నీ పుట్టినరోజు గూడా నీకంటే ముందు చెప్తాది" అన్నాడట. ఎగతాళికే అని ఉంటాడు. నేను మాత్రం చేట పక్కన పెట్టి, లోపలికి పోయి కళ్లద్దాలు తెచ్చుకున్నాను.

ఫోటోలన్నీ పలకంత ఉన్న టాబ్‌లో ఉన్నాయి. వేలితో తోస్తే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. మసీదు మినారు, దాని వెనక సెల్ టవరు. మూతబడిన దూదిమిల్లు పొగగొట్టం, దాని నీడ పడే చోట వరసగా ఒకే రంగు ఇళ్లు. పెళ్లిమండపంగా మారిన సినిమాహాలు. ఈ మూడింటికీ నేను సంవత్సరం చెప్పాను, ఆమె రాసుకుంది. నాకు హుషారొచ్చింది.

నాలుగోది కమానులున్న మేడ. సున్నం గోడలు, చెక్క వసారా, కిటికీలకు పొడుగాటి కమ్ములు. ఇది మా అత్తగారి కాలం నాటిది, ఎనభై ఏళ్లకు తక్కువ ఉండదు అన్నాను. అది బైపాసులో రాగిసంకటి హోటలనీ, కట్టి రెండేళ్లయిందనీ ఆమె మెల్లగా చెప్పింది. సున్నం కూడా సున్నం కాదట, ఆ రంగు డబ్బాల్లో వస్తుందట.

అయిదోది నీలం అద్దాల ముందుభాగమున్న బట్టల షాపు. ఈసారి జాగ్రత్తగా చూసి, అయిదేళ్లు, మహా అయితే ఆరు అన్నాను. ఆమె వేలితో తోసింది. అదే షాపు వెనక వైపు. మట్టి మిద్దె, కప్పు మోసే దంతెల చివర్లు, మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాచి. నా పెళ్లిచీరలు కొన్న అంగడి అది. యాభై ఏడేళ్లుగా దాని ముందు నుంచే కూరగాయలకు పోతున్నాను. ముందర అద్దాలు తగిలించిన నాటి నుంచి దాన్ని కొత్త కొట్టు కిందే లెక్క వేసుకున్నానన్నమాట.

కొత్తది పాతదిగా, పాతది కొత్తదిగా చెప్పాను. డెబ్బై నాలుగేళ్లలో నాకిట్లా ఎప్పుడూ కాలేదు. మందుల షాపతను ఇటే చూస్తున్నాడేమోనని ఒకసారి అటు చూశాను.

తర్వాత ఆళ్లగడ్డ ఫోటోలు తీసింది. ఆళ్లగడ్డ నా పుట్టినూరు. మొదటి ఫోటో మూడంతస్తుల కట్టడం, కింద సెల్‌ఫోన్ల షాపు, పైన కోచింగు బోర్డు. ఇదేదో నాకు తెలియదని చెప్పాను. రెండోది చూసి నేను టాబ్‌ను ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

అది మా ఇల్లు. నాయన ఇల్లు. ఫోటో నిండా ముందు పడసాలే, నాలుగు స్తంభాలు, స్తంభాల పైన చిలకలు, కింద తామర రేకులు. చిలకల ముక్కులు కూడా అట్లే. ఎప్పుడు తీసిందని అడిగాను. 2023 ఫిబ్రవరి అంది. కెమెరాలో తేదీ తప్పు పడి ఉంటుందన్నాను. తప్పు పడదంది.

మా ఇల్లు 2020 సెప్టెంబరులో వానలకు పడిపోయింది. తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. ఆ జనవరిలోనే నా భర్త పోయారు. నేను ఏటిసూతకంలో ఉన్నాను, పైగా కరోనా నెలలు. పోయి చూడలేదు. తర్వాత తమ్ముడు డోన్‌కు మారిపోయి అక్కడ అంగడి పెట్టుకున్నాడు. పడిపోయిన ఇంటిని చూడటానికి బస్సెక్కి పోయేదేముందని నేనూ ఆ వీధికి మళ్లీ పోలేదు.

పడిపోయిన ఇల్లు రెండున్నరేళ్ల తర్వాత ఫోటోకు ఎట్లా నిలబడింది? ఆమె ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. ఎడమ వైపు స్తంభం మీద గీతలు కనిపించాయి. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

ఆ గీతలు మా నాయన కోసినవి. ప్రతి ఉగాదికి పచ్చడి తినిపించి, నన్నూ తమ్మున్నీ ఆ స్తంభానికి ఆనించి నిలబెట్టి, తల మీద చెయ్యి అడ్డం పెట్టి, కత్తి మొనతో గీత కోసేవాడు. నాకు ఎనిమిదేళ్లు, తమ్మునికి ఆరేళ్లప్పుడు మొదలుపెట్టాడు. నాకు పదహారేళ్లొచ్చేదాకా నావి తొమ్మిది. తమ్ముడు పన్నెండేళ్లకు కర్నూలు హాస్టలుకు పోయాడు కాబట్టి వానివి ఏడు. మొత్తం పదహారు. ఫోటోలో లెక్కబెట్టాను. పదహారు.

ఆమె ఫోటోను పక్కకు జరిపింది. కుడి స్తంభం మీద కూడా గీతలున్నాయి. అవీ పదహారే. మిగిలిన రెండింటి మీదా ఉన్నాయి. నాయన గీసింది ఒక్క స్తంభం మీదే, ఎడమ దాని మీద. లేక నాలుగింటి మీదా గీశాడా? అంతసేపూ నాకు స్పష్టంగా కనబడుతున్న నాయన చెయ్యి ఇప్పుడు ఒక్కొక్క స్తంభం దగ్గరా కనబడసాగింది. కళ్లు మూసుకున్నా పోలేదు.

ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. ఇల్లు నిలబడే ఉంటే తమ్ముడు నాకు అబద్ధం చెప్పినట్టు. ఇల్లు లేకపోతే నా తల చెడినట్టు. ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పదు. పొద్దున రెండు కట్టడాల దగ్గర పొరబడ్డ మనిషిని, మూడోదాని దగ్గర తమ్మున్ని దొంగను చేసే ధైర్యం నాకు లేకపోయింది. ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను.

గురువారం పొద్దున మైసూరామె కారులో నన్ను ఆళ్లగడ్డకు తీసుకుపోయింది. నేను ముందు మా వీధికే పోదామన్నాను. వీధిలో మా ఇల్లు ఉండాల్సిన చోట మూడంతస్తుల కట్టడం, కింద సెల్‌ఫోన్ల షాపు, పైన కోచింగు బోర్డు. రెండు రోజుల కింద నాకు తెలియదని తోసేసిన ఫోటో. పక్కింటి వేపచెట్టు, ఎదురింటి మెట్లు చూసుకుని, అదే చోటని మూడుసార్లు సరిచూసుకున్నాను. ఇల్లు లేదు. తమ్ముడు చెప్పింది నిజమే. అంటే చెడింది నా తల. ఇంటికి పోదామని కారు తలుపు తీశాను.

"అవ్వా, ఆ స్తంభాల ఫోటో ఈడ తీయలేదు," అంది ఆమె. "ఊరి బయట, నంద్యాల రోడ్డు పక్కన."

ఆ మాట ముందే చెప్పి ఉండవచ్చు. నేనే అడగలేదని ఆమె అంది. అదీ నిజమే. మా ఇంటిని ఎక్కడ తీశావని నేనెందుకు అడుగుతాను?

ఊరి బయట ఆ ఇల్లు ఉంది. కొత్త ఇల్లు. గేటు, కారు నిలిపే చోటు, మేడ మీద నీళ్ల ట్యాంకు. ముందు మాత్రం మా పడసాల. ఇంటామె నలభై ఏళ్ల మనిషి, పిండి చేతులతోనే బయటికొచ్చింది. ఆమె ఇల్లు చూసేదానికి అప్పుడప్పుడూ జనం వస్తుంటారట. మమ్మల్నీ అట్లే అనుకుని, రమ్మని పిలిచి, మజ్జిగ ఇచ్చింది. నేను మజ్జిగ చేతిలో పట్టుకుని ఎడమ స్తంభం దగ్గరికి పోయి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. మా స్తంభాలు టేకువి. డిసెంబరులో కూడా టేకు అంత చల్లగా ఉండదు.

"రాయే పెద్దమ్మా," అంది ఇంటామె నవ్వుతూ. "రంగు చూసి అందరూ కట్టె అనుకుంటారు. మన ఊరి శిల్పులే చెక్కినారు."

గీతల సంగతి అడిగాను. ఎవరో పాత ఇల్లు పీకించి సామాను అమ్ముతుంటే ఆమె భర్త నాలుగు టేకు స్తంభాలు కొన్నాడట. తెచ్చి చూస్తే మూడింటికి లోపల చెదలు. ఒక్కటే గట్టిగా ఉంది. దాన్ని శిల్పి దగ్గరికి తీసుకుపోయి, ఇట్లాంటివే రాతిలో నాలుగు కావాలన్నారు. ఆళ్లగడ్డ శిల్పులది గుడి పని చేసే చెయ్యి. ముందర పెట్టింది ఎట్లుంటే అట్లే దిగుతుంది, ముక్కు అరిగిన చిలక ముక్కు అరిగే వస్తుంది. గీతలు ఉంచాలా వద్దా అని ఆయన అడిగితే వీళ్లు ఆలోచించి, పాతకాలం డిజైన్ కదా, నాలుగింటికీ పెట్టమన్నారట.

"ఏదో లెక్క ప్రకారమే కోసినారు పెద్దమ్మా," అంది ఇంటామె. "కింద జతలు జతలుగా, పైకి పోయేకొద్దీ ఒక్కొక్కటిగా. అందరూ అడుగుతాంటారు, ఏం డిజైన్ ఇదని."

నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. నా తల చెడలేదు. నాయన ఒక్క స్తంభం మీదే గీశాడు. ఆ ఒక్కటే శిల్పి ముందర నిలబడింది. అసలు స్తంభం ఎక్కడుందని అడిగితే, చెక్కడం అయినాక దానికీ చెదలు పట్టాయనీ, గృహప్రవేశం వంటల పొయ్యిలోకి పోయిందనీ చెప్పింది.

అప్పుడు వెనక్కి పోయి ఆమె మొదటి మాట పట్టుకున్నాను. పీకించినారా, పడిపోయిందా?

"పడిపోయేదేంది పెద్దమ్మా? నెల రోజులు కూలోళ్లను పెట్టి, ఒక్క దంతె విరగకుండా దింపించినారు. మేం చూసినాం గదా."

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు గడప నిలబెట్టే ముందు ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డ పసుపు పూసి బొట్టు పెట్టాలి. ఇల్లు విప్పేటప్పుడు కూడా గడప లేపే ముందు మొదటి చెయ్యి ఆమెదే. ఆమె చెయ్యి వేసి, చీర పెట్టించుకున్న తర్వాతే కూలివాళ్లు గడ్డపార ముట్టుకోవాలి. మా అమ్మ గోస్పాడులో తన పుట్టింటికి అట్లా పోయి రావడం నేను చూశాను. మా ఇంటికి ఆడబిడ్డను నేనొక్కదాన్నే.

అక్కడే, ఆ పడసాలలోనే తమ్మునికి ఫోను చేశాను. ఎక్కడున్నానో చెప్పాను.  వెనక అంగట్లో ఎవరో సంచి దింపుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవురు చెప్పినారక్కా నీకు?"

"స్తంభాలు చెప్పినాయి. వానకు పడిందంటివి గదప్పా."

"మిద్దె కారేది నిజమే. జాగా కొనేటోడు ఆగనన్నాడు. బావ పోయి తొమ్మిది నెలలు గాలేదు. నిన్ను పిలిస్తే, గడప మీద నువ్వు చెయ్యి పెట్టగూడదని మన పెద్దమ్మోళ్లు నిన్ను వాకిట్లోనే నిలబెడ్తాండ్రి. మన వాకిట్లో నిన్ను వాళ్లట్ల నిలబెడ్తే నేను చూడల్లనా? పిలవకపోతే, ఎందుకు పిలవలేదంటావు. వాన మీదికి తోసినా."

"మరి ఎవురు చెయ్యి పెట్టినారు?"

"పెద్దమ్మ కూతుర్ని పెట్టమన్నారు. నేనే వద్దన్నా. ఎవురూ పెట్టలే. అట్నే లేపించినా."

 కోపం తెచ్చుకుందామని చూశాను. వాడు అబద్ధం చెప్పినందుకా, నిజం చెప్పి ఉంటే నేను వాకిట్లో నిలబడాల్సి వచ్చేదనా, నా చోటు ఇంకొకరికి ఇవ్వనందుకా? మొదటిదానికి కోపం రావాలి, మూడోదానికి రాకూడదు. రెండోది వాని తప్పు కాదు. నాలుగేళ్లుగా వానను తిట్టుకుంటున్నాను, దానికి ఎవరికి సమాధానం చెప్పుకోవాలో కూడా తెలియలేదు. అన్నం తిన్నావా అని అడిగాను. తిన్నానన్నాడు. ఫోను పెట్టేశాను. గడప ఏం చేశావని అడగాల్సింది మరిచిపోయి, కారెక్కిన తర్వాత మళ్లీ చేశాను. ఏట్లో వదిలాడట.

దారిలో మైసూరామె కారు నడుపుతూనే అడిగింది, ఆ స్తంభాల ఫోటో కింద ఏ సంవత్సరం రాయమంటావవ్వా అని. మా తాత ఇల్లు కట్టిన సంవత్సరం నాకు తెలుసు. శిల్పి చెక్కిన సంవత్సరం ఇంటామె చెప్పింది. గీతలు తొమ్మిది ఉగాదులవి. ఏది రాసినా ఒకటి తప్పవుతుంది. ఇంతకుముందైతే ఏదో ఒకటి గట్టిగా చెప్పేసేదాన్ని. ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఖాళీగా వదిలితే చూసేవాళ్లు ఒప్పుకోరంది. అయితే నీ ఇష్టమన్నాను. ఆమె ఏం రాసిందో నాకు తెలియదు. నంద్యాలలో నన్ను దింపి అటే వెళ్లిపోయింది.

మూడు రోజుల తర్వాత తమ్మున్ని అడిగి తెలుసుకున్నవి, నేను చూసినవి కలిపితే, పోయినవి ఇవి. టేకు స్తంభాలు నాలుగు: మూడు చెదలకు, ఒకటి పొయ్యిలోకి. పడసాల దంతెలు ఇరవై నాలుగు: ప్యాపిలిలో ఎవరో కొన్నారు, పేరు తెలియదు. ద్వారబంధం ఒకటి: అదే బండిలో పోయింది. గడప ఒకటి: ఏట్లో. మిద్దె మట్టి: నాలుగు ట్రాక్టర్లు, రోడ్డు గుంతలకు. నాకు పెట్టాల్సిన చీర ఒకటి: కొనలేదు. తేదీ ఒకటి: నా దగ్గరున్నది వాన తేదీ, గడప లేపిన తేదీ తమ్మునికి గుర్తు లేదు.