సుల్తాను అంగీ మీది పూలు

నిన్న నెల్లూరులో కొత్తగా పెట్టిన తివాచీల షాపులో అడుగు పెట్టానో లేదో, కొత్త ఉన్ని వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఖుర్షీదక్క గుర్తొస్తుంది. షాపాయన గోడకు వేలాడుతున్న ఎర్ర తివాచీని చూపించి, "తుర్కీ సుల్తానుల అంగీల మీది డిజైనండీ, ఇప్పుడిదే ఫ్యాషన్" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ ఫ్యాషన్ యాభైలలోనే ఉదయగిరిలో, ఒక వసారాలో, మా చేతుల మీదుగా అయిపోయింది మరి!

ఖుర్షీదక్క ఏలూరు నుంచి ఉదయగిరికి కోడలిగా వచ్చింది. వస్తూ వస్తూ పట్టుబట్టి తివాచీ మగ్గాన్నీ వెంట తెచ్చుకుంది. నేనప్పుడు అక్కడి బడిలో డ్రాయింగ్ టీచరుని. ఒకరోజు నన్ను పిలిచి, పాత పత్రికలోంచి చింపిన రంగుల పేజీ చేతిలో పెట్టింది. తుర్కీ సుల్తానుదట, ఎర్ర పట్టు అంగీ, దాని నిండా జానెడేసి పూలు. ఆ పువ్వు పేరేమిటో ఇద్దరికీ తెలియదు.

"దీన్ని గళ్ల కాగితం మీద ఎక్కించియ్యి టీచరమ్మా. ఆత్మకూరు శెట్టిగారు బట్టల షాపులో పరుస్తాడంట."

"సుల్తాను అంగీని తొక్కుతారా అక్కా?"

"సుల్తాను పోయినాడు, పూలు ఉండాయి గదా! తొక్కితే ఏంది?"

శెట్టిగారు తీసుకోకపోతే మగ్గం విప్పి అటకెక్కించాలని అక్క వాళ్లత్త తేల్చి చెప్పేసిందట. ఆ మాట అక్క అనలేదు, ఆమె ఆడబిడ్డ నా చెవిన వేసింది. అప్పటినుంచి బడి వదలగానే ఒకటే పరుగు. నేను కాగితం చూస్తూ "ఎరుపు మూడు, నీలం ఒకటి" అని వరస వరసా పాడినట్టు చెబుతుంటే అక్కా, ఆడబిడ్డా మగ్గం మీద ముడులు వేసేవారు. కళ్ల ముందే పువ్వు లేస్తుంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు.

సగం అయ్యేసరికి శెట్టిగారు చూడడానికి వచ్చారు. చూసి మెచ్చుకున్నారు కూడా. అంతలో ఆయన మొహం మారింది.

"నేను ఇటు కూర్చుంటా. గిరాకీ అటు కూర్చుంటాది. వాళ్లకి పూలన్నీ తలకిందులు గదమ్మా! అశుభం. నాకొద్దు."

తప్పు నాదే. అంగీ తొడుక్కున్న మనిషి నిలబడతాడు, పూలన్నీ పైకే చూస్తాయి. నేలకు పైనా కిందా ఎక్కడిది? అది నాకు తట్టలేదు. ఏడుపొచ్చేసింది. ఖుర్షీదక్క మాత్రం కాగితాన్ని కాసేపు చూసి, పకపకా నవ్వింది.

"కింద నించి పైకి చదివినావు గదా, ఇప్పుడు పైనించి కిందికి చదువు. నేసిన వరసలే, వెనక్కి! ఇటు పూలు ఇటోళ్లకి, అటు పూలు అటోళ్లకి. శెట్టిగారూ, కూర్చో. ఒక్క రేకు మొన చూసి పో."

నేను వెనక్కి చదవడం మొదలుపెట్టాను. నాలుక తడబడింది. ముందు రేకు మొన కనబడింది, అదీ కిందికి చూస్తూ! ఆయన కదలకుండా చూస్తూ కూర్చున్నారు. ఆత్మకూరు బస్సు వెళ్లిపోయింది.

"ముగించి పంపించమ్మా" అన్నారు చివరికి.

మగ్గం అటకెక్కలేదు. నాకు మాత్రం ఒక అలవాటు అంటుకుంది. నిన్న షాపాయన చేత ఆ తివాచీని నేల మీద పరిపించాను. ఇటు నుంచి చూసి, అటు వెళ్లి ఎదురుగా చతికిలబడ్డాను. పూలన్నీ తలకిందులే!

"ఖుర్షీదక్కా, వీళ్లూ నాలాగే గీశారు!" అని పైకే అనేశాను.